‘లెక్కల దిమాక్ లేదు’ అనే ముందు చేయాల్సిన పని

“మేడం, మా పోరికి లెక్కల దిమాక్ లేదు. ఈ ఏడాది ఆపేసి వచ్చే ఏడు సీఈసీల చేర్పిస్త.”

మొన్న దసరా సెలవుల్లో హాలియా దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక తండ్రి మా అరుగు మీద కూర్చొని అన్న మాట ఇది. ఆయనకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. పక్కన బిడ్డ తల వంచుకుని నిలబడింది. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. చేతిలో లెక్కల 1బి పుస్తకం. ఆ పిల్ల పదో తరగతి నా దగ్గరే చదివింది.

పాత నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 26 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ముందు దేవరకొండ వైపు తండాల పిల్లలకు చెప్పాను, తర్వాత ఇటు సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లకు వచ్చాను. ఇంటర్ లెక్కలు ఏ పిల్లకైనా వస్తాయని నా నమ్మకం. రాకుండా ఆగిందంటే కింది తరగతుల్లో ఎక్కడో ఒక మెట్టు విరిగి ఉంటుంది, ఎవరూ దిగి చూసి ఉండరు. అది ఎట్లా దిగి చూడాలో, ఎట్లా బాగుచేయాలో నేను చేసే పద్ధతి రాస్తున్నాను. టీచరే కానక్కర్లేదు. డిగ్రీ చదివే అక్కో అన్నో ఇంట్లో ఉన్నా చాలు.

అన్నిటికంటే ముందు, పిల్ల ఎదురుగా ‘దిమాక్ లేదు’ అన్న మాట ఆపేయండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడి గురించి నేనే వాళ్ల నాన్నతో “వీడికి లెక్కలు కష్టం” అన్నాను. వాడు పక్కనే ఉన్నాడు. మరుసటి నెల నుంచి బడికి రాలేదు, తండ్రితో హైదరాబాద్ మేస్త్రీ పనికి వెళ్లిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు అరుగు మీద జరిగింది

“ఎక్కడ ఆగినవు బిడ్డా?” అంటే అవకలనం, అంటే డిఫరెన్షియేషన్ పాఠం తీసింది. 1/ఎక్స్ కు మూల సూత్రం నుంచి అవకలజం కనుక్కోవాలి. మొదటి లైను మంచిగ రాసింది. 1/(ఎక్స్ + హెచ్) లోంచి 1/ఎక్స్ తీసేసి, వచ్చిన దాన్ని హెచ్‌తో భాగించాలి. రెండో లైనుకు రాగానే 1/(ఎక్స్ + హెచ్) ను విడగొట్టి 1/ఎక్స్ + 1/హెచ్ అని రాసేసింది. ఆ తర్వాత ఏం చేయాలో తోచక పెన్ను కొరుకుతూ కూర్చుంది.

పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద 1/4 + 1/5 ఎంత అని రాశాను. తడుముకోకుండా 2/9 అని రాసింది. పైవి కలిపింది, కిందివి కలిపింది. ఇది ఆరో తరగతి లెక్క. పదో తరగతిలో ఏడాది పాటు నా క్లాసులో కూర్చుని, శ్రేఢుల సూత్రాలు, సరూప త్రిభుజాల సిద్ధాంతాలు బట్టీ పట్టి మంచి మార్కులతోనే పాసైంది. ఈ లోటు నా కంట పడలేదు. ఆ తప్పు నాదే.

“ఎకరానికి ఎన్ని గుంటలో మీ నాయనను అడుగు” అన్నాను. ఆయనే చెప్పాడు, నలభై. పావెకరం ఎన్ని? పది. ఎకరంలో ఐదో వంతు? ఎనిమిది. కలిపితే పద్దెనిమిది గుంటలు. “ఇప్పుడు నువ్వు రాసిన 2/9 ఎన్ని గుంటలో చూడు.” పిల్ల 80ని 9తో భాగించింది. 8.88 వచ్చింది. తొమ్మిది గుంటలు కూడా నిండలేదు. తండ్రి ముందుకు వంగి, “పదికి ఎనిమిది కలిపితే పదికంటే తక్కువ ఎట్లయితది?” అన్నాడు. పిల్ల చాలాసేపు కాగితం వంకే చూసి, తనే 18/40 అని రాసి, రెండుతో కొట్టేసి 9/20 చేసింది. “అంటే రెండు ముక్కలనూ ముందు గుంటల్లోకి మార్చాలె కదా మేడం” అంది. ఉమ్మడి హారం గురించి నేను 26 ఏళ్లలో ఇంతకంటే బాగా చెప్పలేదు.

ఇప్పుడు మళ్లీ 1బి పుస్తకం తెరిచాం. “ఇక్కడ గుంట ఏది?” అంటే కాస్త ఆలోచించి ఎక్స్‌ను (ఎక్స్ + హెచ్) తో గుణించి కింద రాసింది. పైన ఎక్స్ − (ఎక్స్ + హెచ్) రావాలి, బ్రాకెట్ విప్పి ఎక్స్ − ఎక్స్ + హెచ్ అని రాసింది. ఇది ఏడో తరగతిలో విరిగిన రెండో మెట్టు. “దుకాణంల 500 ఇచ్చి 200 ది ఒకటి, 100 ది ఒకటి కొన్నవు. ఆయన నీకు 400 తిరిగిస్తడా?” అన్నాను. నవ్వి, తనే దిద్దుకుంది. లోపలున్న రెండింటినీ తీసేయాలి కాబట్టి పైన మైనస్ హెచ్ మిగిలింది. కింది హెచ్‌తో అది కొట్టుకుపోయింది. తర్వాత హెచ్‌ను సున్నా వైపు నడిపిస్తే మైనస్ 1 బై ఎక్స్ స్క్వేర్. మొత్తం గంటన్నర పట్టింది. అవకలనం గురించి ఆ గంటన్నరలో నేను కొత్తగా చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు.

మెట్టు ఎక్కడ విరిగిందో పట్టుకోవడం

దీనికి ఒక కాగితం, అరగంట సమయం చాలు. పైతరగతి లెక్క ఒక్కటి కూడా ఇవ్వకండి. నేను ఇచ్చేవి ఇట్లా ఉంటాయి: మైనస్ 7 ప్లస్ 3. తర్వాత 3 − (−5). తర్వాత 2/3 + 3/4. తర్వాత 0.3 × 0.2. తర్వాత 250లో 12 శాతం. తర్వాత 3ఎక్స్ + 5 = 20 అయితే ఎక్స్ ఎంత. తర్వాత 50కి వర్గమూలం సూక్ష్మరూపంలో. చివర్లో 5(ఎక్స్ − 2) − 3(ఎక్స్ + 1).

ఆ చివరి లెక్క నాకు చాలా ఇష్టం. సరైన జవాబు 2ఎక్స్ − 13. ఒక పిల్ల 2ఎక్స్ − 7 అని రాస్తుంది, ఇంకో పిల్ల 2ఎక్స్ − 11 అని రాస్తుంది. ఇద్దరికీ ‘తప్పు’ అని ఇంటూ కొడితే ఇద్దరూ ఒకటేలా కనిపిస్తారు. కానీ మొదటి పిల్ల 3ను లోపలికి మంచిగనే గుణించింది, మైనస్‌ను మాత్రం 3ఎక్స్ దాటి తీసుకెళ్లలేదు. రెండో పిల్ల 3ను ఎక్స్‌తోనే గుణించి, 1ని అట్లాగే వదిలేసింది. ఒకరికి గుర్తుల పని చేయించాలి, ఇంకొకరికి విభాగ న్యాయం, అంటే బయటి అంకె బ్రాకెట్ లోపలి ప్రతిదాన్నీ గుణించాలని చెప్పాలి. జ్వరం అనగానే అందరికీ ఒకటే గోలీ ఇవ్వం కదా.

చేసేటప్పుడు పిల్లను పైకి మాట్లాడుతూ చేయమనండి. మీరు దిద్దకండి, మొహం చిట్లించకండి. రాసుకోండి అంతే. ఒకసారి వచ్చిన తప్పు పొరపాటు కావచ్చు. అదే రకం తప్పు వేరే లెక్కలో మళ్లీ వస్తే అదే విరిగిన మెట్టు. పైన చెప్పిన 0.3 × 0.2 కు చాలామంది 0.6 అంటారు. వెంటనే 0.4 × 0.2 అడగండి, 0.8 అంటే దశాంశాలకు దిగాల్సిందే.

బాగుచేయడం

ఒకసారి ఒక్క మెట్టే పట్టుకోండి. భిన్నాలైతే భిన్నాలే. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ వరుసగా పది రోజులు ఆగకుండా జరగాలి. ముందు చేత్తో పట్టుకునే వస్తువుతో మొదలుపెట్టండి. మన దగ్గర గుంటలున్నాయి, జొన్నరొట్టె ఉంది, బస్తాలున్నాయి. అక్కడి నుంచి అంకెలకు, అంకెల నుంచి అక్షరాలకు రండి. ఏ రోజు నేర్పింది ఆ రోజే పైతరగతి పుస్తకంలో అదెక్కడ పనికొస్తుందో ఒక్క లెక్కలోనైనా చూపించండి. ఇది చాలామంది వదిలేస్తారు. ఇంటర్ చదివే పిల్లతో పది రోజులు ఆరో తరగతి భిన్నాలే చేయిస్తే ఆ పిల్లకు సిగ్గేస్తుంది. అదే భిన్నంతో ఆ సాయంత్రమే అవకలనంలో ఒక లెక్క తేలితే మరునాడు తనే పలక పట్టుకుని వస్తుంది.

వచ్చింది కదా అని వదిలేయకండి. మూడో రోజు అడగండి, మళ్లీ పదిహేను రోజులకు ఒకసారి చెప్పకుండా అడగండి. అప్పుడు కూడా వస్తేనే మెట్టు గట్టిపడ్డట్టు.

గైడు విషయం ఒకటి. ‘ముఖ్యమైన ప్రశ్నలు’ అని ఇచ్చే లెక్కలను పిల్లలు చూసి రాస్తారు, రాసి రాసి కంఠతా పడతారు. చేసి ఉన్న లెక్కను చదవడం మంచిదే. కానీ చదివాక పుస్తకం మూయించి, ప్రతి లైను కింద ‘ఇది ఎందుకు చేశాం’ అని తన మాటల్లో రాయించండి. రాయలేని లైను దగ్గర ఆపి అక్కడే కూర్చోండి.

నిరూపక రేఖాగణితం చెప్పడానికి ఆ తండ్రి తోటకే వెళ్లాం. ఇరవై అడుగులకొక చెట్టు. తోట మూల చెట్టు దగ్గర పిల్లను నిలబెట్టి, “ఇది సున్నా. తూర్పుకు మూడు చెట్లు పో, అక్కణ్నుంచి ఉత్తరానికి నాలుగు పో” అన్నాను. అరవై అడుగులు, ఎనభై అడుగులు నడిచింది. “నేనున్న చోటు నుంచి నీ దగ్గరికి తిన్నగా తాడు పట్టుకుంటే ఎంత?” నడవకుండానే వంద అని అరిచింది. టేపు పట్టి చూస్తే దగ్గర దగ్గరగా అంతే వచ్చింది. చెట్లు గీత గీసినట్టు ఉండవు కదా, ఆ కాస్త తేడా ఎందుకొచ్చిందో కూడా మాట్లాడుకున్నాం. దూరం సూత్రాన్ని ఆ తర్వాత ఎన్నడూ మర్చిపోలేదు.

మాట రాకపోవడాన్ని లెక్క రాకపోవడం అనుకోకండి. తెలుగు మీడియంలో పది చదివి, కాలేజీలో ఇంగ్లీషులో వినే పిల్లకు ‘డినామినేటర్’ అంటే హారమని తట్టకపోతే బోర్డు మీద ఏం జరుగుతోందో అందదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చినప్పుడు పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఇచ్చారు. ఆ పుస్తకాలు పారేయకండి. పాఠానికి పదిహేను మాటల చొప్పున రెండు వరుసల్లో రాయిస్తే చాలు.

మరి పుట్టుకతో వచ్చేది ఏమీ లేదా?

ఉంది. నేను చూశాను. ఒక పిల్లవాడికి రెండు లెక్కలు చేసి చూపిస్తే మూడోది నాకంటే ముందే చెప్పేవాడు. ఇంకొకరికి పన్నెండు చేయాలి. ఐఐటీ ర్యాంకుల పోటీలో ఆ వేగం లెక్కకు వస్తుంది, కాదనను. కానీ 1ఎ నుంచి 2బి దాకా నాలుగు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు, వాటిలో ఉన్నదంతా పన్నెండు లెక్కల పిల్లకు కూడా అందుతుంది. మనం రెండు చేసి గంట కొట్టగానే వెళ్లిపోతున్నాం.

రామానుజన్ పేరు ఎత్తుతారు. 1887లో ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగిన ఆయనలాంటి వాళ్లు శతాబ్దానికొకరు. ఆయనకు కూడా పదహారేళ్లప్పుడు ఐదు వేల దాకా ఫలితాలున్న ఒక పుస్తకం చేతికందింది. వాటిని పలక మీద ఒక్కొక్కటిగా తనే సాధించుకుంటూ పోయాడు. మన పిల్లలకు మనం అడుగుతున్నది అంత దూరం కాదు, అవకలనం దాకా.

మంచి టీచరు దొరికితే ఒక్క ఏడాదిలో అయిపోతుందని కూడా అనుకోకండి. బొలీవియా నుంచి అమెరికా వెళ్లిన హైమే ఎస్కలాంటే అనే లెక్కల టీచరు 1974లో తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో చేరారు. కూలీనాలీ చేసుకునే ఇళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న బడి అది. 1982లో ఆయన పిల్లలు 18 మంది కాలేజీ స్థాయి కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. జవాబుల్లో ఒకేలాంటి తప్పులున్నాయని పరీక్ష పెట్టినవాళ్లు 14 మందిని అనుమానించారు. అందులో 12 మంది మళ్లీ కూర్చుని రాశారు, పన్నెండు మందీ పాసయ్యారు. అక్కడి దాకా రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది, కింది తరగతుల లెక్కల నుంచి కట్టుకుంటూ రావాల్సి వచ్చింది.

చివరిగా, ఇంట్లో లెక్కలు తెలిసిన వాళ్లెవరూ లేకపోతే ఏం చేయాలి? ఆ పిల్ల తల్లికి చదువు రాదు. ఆమెకు నేను ఒకటే పని చెప్పాను. రాత్రి వంటయ్యాక బిడ్డ పక్కన కూర్చొని “ఇది ఎట్లొచ్చింది, నాకు చెప్పు” అనాలి. చెబుతున్నప్పుడు ఎక్కడ గొంతు తగ్గినా, ఎక్కడ “ఊ... ఊ...” అని నసిగినా ఆ లైను పక్కన పెన్సిల్‌తో ఒక గీత పెట్టాలి. సంక్రాంతి దాకా ఒక్క రాత్రి కూడా తప్పకుండా ఆమె ఆ పని చేసింది. ఆదివారం పొద్దున పిల్ల నోట్‌బుక్కు తెచ్చేది. నేను పేజీలు తిప్పి, గీతలు ఎక్కువగా ఉన్న చోట మొదలుపెట్టేదాన్ని.