వైరస్ వార్త రాగానే కిరాణా కొట్టుకి పరిగెత్తకుండా ఉండటం ఎలా?

మళ్ళీ ఏదో జబ్బు వచ్చిందట, రేపట్నుంచి ఆంధ్రా బోర్డర్ మూసేస్తారట అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ వస్తే చాలు, ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడి కొట్లలో సాయంత్రానికి కందిపప్పు అయిపోద్ది. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు చూశాం కదా. బస్తాలు మోసుకెళ్ళినోళ్ళు చెడ్డోళ్ళేం కాదు, భయపడ్డారు, అంతే. కానీ ఏరోజు కూలి ఆరోజు తెచ్చుకుని కొనుక్కునేవాళ్ళు వచ్చేసరికి కొట్లో ఏమీ ఉండదు, నాకు బాధ అదే.

ముందు ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. గుండె దడదడలాడుతోందా, కడుపులో తిప్పుతోందా చూసుకోండి. నాకు భయమేస్తోంది అని ఒప్పుకోండి, దాన్ని తోసెయ్యక్కర్లేదు. ఊపిరి మెల్లగా తీసుకుని ఇంకా మెల్లగా వదలండి, ఓ పదిసార్లు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఇక్కడ ఇంతే, క్లాసులేం అక్కర్లేదు.

దడ తగ్గాక వంటింట్లో డబ్బాలన్నీ మూత తీసి చూడండి, చాలామంది ఇది చెయ్యరు, ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొంటారు. రోజుకి కిలోన్నర బియ్యం వండే ఇంటికి రెండు వారాలకి 21 కిలోలు చాలు. తక్కువైంది కాగితం మీద రాసుకుని అదే కొనండి. కొట్లో చెయ్యి వేరేదాని మీదకి వెళ్తే ఒక్క క్షణం ఆగి, ఇది నాకు కావాలా, పక్కావిడ తీసుకుంటోందని తీసుకుంటున్నానా అని మిమ్మల్ని మీరే అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ళు వినకపోతే కసురుకోకండి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఎలా తుడిచిపెట్టిందో చూసినోళ్ళు వాళ్ళు, రోడ్లు తెగిపోయి కరెంటు లేక పడ్డ పాట్లు వాళ్ళకి ఇంకా గుర్తే. "అత్తమ్మా, ఈసారి రోడ్లు బాగానే ఉన్నాయి, లారీలు వస్తాయి, లాక్‌డౌన్‌లో కూడా కిరాణా, మందుల షాపులు తీశారు కదా" అని మెల్లగా చెప్పండి.

మందుల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. బీపీ, షుగర్ మాత్రలు ఒక నెలకి ఉంచుకోవడం మంచిదే. డాక్టర్ రాయనివి మాత్రం వద్దు. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మాత్రని ఆరోగ్య సిబ్బందికీ, కరోనా సోకినవాళ్ళ ఇంట్లోవాళ్ళకీ అని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెబితే అందరూ ఎగబడి కొన్నారు, రోజూ ఆ మాత్ర వేసుకోవాల్సిన లూపస్ (ఒంట్లో రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు), కీళ్ళవాతం పేషెంట్లు షాపు షాపు తిరిగారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం అదే నెలలో రూల్ బిగించాల్సొచ్చింది.

వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. ఇప్పటికే ఎక్కువ కొనేసి ఉంటే పురుగు పట్టకముందే వీధిలో కావాల్సినవాళ్ళకి ఇచ్చేయండి.

జబ్బు భయం పోయినా ఏదీ పారేయలేక, ఏళ్ళ తరబడి సామాన్లు పోగుపడి ఇంట్లో నడవడానికి దారి లేకుండా ఉంటే అది వేరే సమస్య, దానికి డాక్టర్ సాయం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఫ్రీగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.