ఆంప్లిఫయర్ పవర్, గ్రౌండ్ వైర్లు ముట్టుకునే ముందు

సంక్రాంతికి ఊరెళ్లేలోపు కారులో మొరాయిస్తున్న ఆంప్‌ను (పాటల సౌండ్ పెంచే ఆంప్లిఫయర్‌ను) సరిచేసుకోవాలని చాలామంది చూస్తుంటారు. స్పానర్ పట్టేముందు ఇవి చూసుకోండి.

– బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్లలోపే మెయిన్ ఫ్యూజ్ ఉండాలి. ఆంప్ మీదున్న ఫ్యూజ్ ఈ పొడవాటి వైరును కాపాడదు. దారిలో ఎక్కడైనా రేకు అంచుకు ఒరుసుకుని బాడీకి తగిలితే వైరు ఎర్రగా కాలి, కారే అంటుకోవచ్చు. మాటిమాటికీ ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజ్ వేయడం కూడా అంతే ప్రమాదం. ఇంజిన్ వైపు నుంచి వైరు లోపలికొచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (వైరు రేకుకు ఒరుసుకోకుండా ఆపే రింగు) ఉందో లేదో చేత్తో తడిమి చూడండి.

– వైర్లు విప్పేముందు బ్యాటరీ మైనస్ తీయండి. ముందు ప్లస్ విప్పితే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అవుతుంది.

– గ్రౌండ్ (ఆంప్ మైనస్ వైరు కారు బాడీకి బిగించే చోటు) దగ్గర పెయింట్ గీకి, మెరిసే లోహానికే బిగించండి. సీటు బెల్టు బోల్టుకు మాత్రం వద్దు, అది ప్రాణం కాపాడేది. కొత్త రంధ్రమైతే కింద పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపులు లేవని చూసుకోండి.

– మల్టీమీటర్‌తో వోల్టుల కొలతలు పాట గట్టిగా మోగుతుండగా తీయండి, ఎందుకంటే లోడ్ లేనప్పుడు పాడైన గ్రౌండ్ కూడా బాగానే కనిపిస్తుంది. ఆంప్ గ్రౌండ్ టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య అర వోల్టు దాటితే లోపం ఆ దారిలోనే ఉంది. బ్యాటరీ ప్లస్‌కూ ఆంప్ ప్లస్ టెర్మినల్‌కూ మధ్య కూడా ఇలాగే చూడండి.

– రాగి పూత అల్యూమినియం వైరైతే ఒక సైజు లావుది తీసుకోండి.