రైతుల సంత: పెట్టడం ఎలా, నిలబెట్టడం ఎలా

పండించినవాళ్లే వచ్చి అమ్ముకునే వారపు సంత పెట్టాలని స్వచ్ఛంద సంస్థలు ఎంతో ఉత్సాహంగా ముందుకొస్తాయి. మొదటిరోజు జనం కిటకిటలాడతారు. నాలుగైదు వారాలు గడిచేసరికి ఒక్కో రైతే రావడం మానేస్తాడు. అడిగితే పనులున్నాయంటాడు. అసలు సంగతి, తెచ్చిన సరుకులో సగం మళ్లీ బండెక్కించుకుని పోవాల్సి వచ్చింది. కోసిన కూర ఒకసారి వెనక్కి వెళ్లిందంటే మర్నాటికి అది సరుకు కాదు. అందుకని సంస్థ తలపెట్టే ప్రతి పనినీ ఒక్క ప్రశ్నతో తూచాలి: సంత ముగిసేసరికి రైతు గంపలో ఏం మిగిలింది?

విత్తకముందే మొదలుపెట్టాలి

స్థలం వెతకడం, బ్యానర్లు కట్టడం తర్వాతి సంగతి. తొలి సంతకు కనీసం మూడు నెలల ముందు పది పన్నెండు మంది రైతులను కూర్చోబెట్టి ఒక పెద్ద పట్టిక గీయండి. అడ్డంగా వారాలు, నిలువుగా పంటలు. ఎవరు ఏ వారం ఏది, ఎన్ని కిలోలు తేగలరో గళ్లలో రాయండి. రాయడం పూర్తికాగానే చిక్కులు కళ్లకు కడతాయి: ఒక వారం ఆరుగురూ టమాటాయే తెస్తున్నారు, మరో వారం ఆకుకూర అన్నదే లేదు. విత్తనం ఇంకా నేలలో పడలేదు కాబట్టి అప్పుడైతే సర్దుకోవచ్చు. త్వరగా కోతకొచ్చే ఆకుకూరలను ఒకేసారి మడంతా చల్లకుండా 10 నుంచి 14 రోజుల ఎడంతో కొంచెం కొంచెంగా చల్లితే ప్రతి వారం లేతకట్ట చేతికొస్తుంది.

ఒకే పంట ఒక్కరి దగ్గరే ఉండటమూ మంచిది కాదు. ఆ రైతు రాని రోజు కొనేవాడు ఉత్తచేతుల్తో పోతాడు, మరుసటి వారం రాడు. ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంటే పోల్చుకుని కొంటారు. మూడోవంతు కొట్లలో అదే కనిపిస్తే మాత్రం అందరికీ మిగులే.

సంత మూడు నాలుగు గంటలకు మించి నడపొద్దు. రోజంతా నడిపితే కూర వాడుతుంది, రైతుకు పొలం పని పోతుంది, జనం పలుచబడతారు. వారం, వేళ, చోటు మాత్రం మారకూడదు. వానొచ్చిందని ఒక వారం ఎత్తేస్తే, ఆ ఒక్కరోజు వచ్చి వెనుదిరిగినవాళ్లను మళ్లీ రప్పించడం చాలా కష్టం.

ఎవరు అమ్మొచ్చు

ఈ నియమం అరపేజీలో, అందరికీ అర్థమయ్యే మాటల్లో ఉండాలి. సొంత పొలంలో పండించిందే అమ్మాలి. పక్క పొలంవాళ్ల పంటకు అనుమతి ఇస్తే, ఎంతవరకో ముందే రాసుకోవాలి, కొట్టులో ఆ రైతు పేరుతో విడిగా చీటీ పెట్టాలి. టోకు మార్కెట్లో కొని తెచ్చే మారుబేరం కుదరదు. ఇందులో మొహమాటపడితే సంత పోయినట్టే. మారుబేరగాడు ధర తగ్గించగలడు, పండించినవాడు తగ్గించలేడు. ముందుగా వెళ్లిపోయేది నిజమైన రైతే.

నియమం రాసుకుంటే సరిపోదు, పొలం చూడాలి. దరఖాస్తులో పంటలు, విస్తీర్ణం, సాళ్ల సంఖ్య, వారానికి వచ్చే దిగుబడి అంచనా రాయించుకోండి. పంట చేతికొచ్చే రోజుల్లో ఇద్దరు వెళ్లి సాళ్లు లెక్కపెట్టి, అడుగులతో పొడవు కొలిచి, ఫొటో తీసుకుని రావాలి. ఆ లెక్కను సంతలో కనిపించే సరుకుతో పోల్చాలి. 100 టమాటా మొక్కలున్న మడి నుంచి ప్రతి వారం 300 కిలోలు రావు. అంత సరుకు బల్ల మీద ఉందంటే మరెక్కడి నుంచో వచ్చినట్టే. ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి: కాయలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజు, టోకు గుర్తులున్న పెట్టెలు, ఆ కాలంలో పండని పంట, ఆ ఉదయమే కోశామని చెప్పిన కట్టల మొదళ్లు ఎండి గోధుమరంగుకు తిరగడం. అయితే ఆనవాలు రుజువు కాదు. పదిమందిలో నిలదీయకుండా, ఆ వారంలోనే మళ్లీ పొలానికి వెళ్లి చూడండి. తప్పు తేలితే మొదట రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి రెండు వారాలు నిలిపివేత, మూడోసారి తొలగింపు. కమిటీ సభ్యుల బంధువులకైనా ఇదే వరస.

‘సేంద్రియం’ అన్న బోర్డు ధ్రువపత్రం ఉన్నవారికే. మిగతావారు తాము చేసిందేమిటో అదే రాయొచ్చు: పశువుల ఎరువు వేశాం, ఈ పంటకు రసాయన మందు కొట్టలేదు అని. ఆ మాటకు పొలం పుస్తకంలో, అంటే వేసిన ఎరువు, కొట్టిన మందు రాసుకునే పుస్తకంలో, ఆధారం ఉండాలి.

స్థలం, టెంట్లు

ఒక్కో కొట్టుకు 3 మీటర్ల చదరం సరిపోతుంది. ఎదురెదురు వరుసల మధ్య 6 మీటర్ల దారి వదిలితే అంబులెన్సు, ఫైరింజను లోపలికి రాగలవు. దారి ఒక చుట్టులా తిరిగి మొదటికి రావాలి. మూసుకుపోయిన మూలలో కొట్టు ఇస్తే అక్కడ కూర్చున్న రైతుకు బోణీ కూడా కాదు. టెంట్ల వీపు ఎండ వైపు ఉండేలా నిలపండి. సంత వేళ ఎండ ఎటు తిరుగుతుందో ముందురోజే ఒకసారి నిలబడి చూసుకోవాలి.

టెంటు ప్రమాదాలు ఎక్కువగా గాలి వల్లే. 3 మీటర్ల టెంటుకు ఒక్కో కాలికి కనీసం 11 కిలోల బరువు కట్టాలి, గాలి ఎక్కువుండే చోట ఇంకా ఎక్కువ. 20 లీటర్ల బకెట్టు నిండా ఇసుక పోసి, తాడుతో టెంటు పైచట్రానికి కట్టి, అడుగున కాలికి కూడా బిగించండి. తాడు దారికి అడ్డంగా పోకూడదు. నీళ్ల సీసాలు వేలాడదీయడం బరువు కిందకు రాదు, గాలికి ఊగి మనుషులకే తగులుతాయి. గుడ్డ విప్పిన క్షణం నుంచే టెంటుకు గాలి పడుతుంది కాబట్టి బరువులు ముందు, తక్కిన సర్దుడంతా తర్వాత.

కోత నుంచి కొట్టు దాకా

సంస్థ రైతుకు ఇవ్వగల శిక్షణలో అన్నిటికన్నా విలువైనది ఇదే. కోసిన తర్వాత కూడా కాయగూర ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. మిట్టమధ్యాహ్నం కోసిన కట్ట ఒక్క గంటలో కోల్పోయే తాజాదనం, చల్లటి వేకువన కోసినదానికి రెండు మూడు గంటలు పడుతుంది. కాబట్టి కోత పొద్దుపొడుపుకు ముందే. కోసిన గంప గట్టు మీద ఎండలో ఆగకూడదు.

ఆకుకూరలను కోసిన వెంటనే తాగడానికి పనికొచ్చే చల్లటి నీళ్లలో ముంచి, దులిపి, చిల్లుల క్రేటులో నిలువుగా పేర్చి, తడిపి పిండిన గోనెపట్ట కప్పాలి. బిగించిన ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపల చెమ్మ పట్టి, ఆకు జిగురై కుళ్లుతుంది. ముంచే నీళ్లు మురికి తేలగానే మార్చాలి, లేకపోతే ఒక కట్టలోని క్రిములు గంపంతటికీ పాకుతాయి.

టమాటాకు ఈ పద్ధతి పనికిరాదు. ఎండకు కాగిన టమాటాను చల్లటి నీళ్లలో వేస్తే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ముచ్చిక ఊడిన చోటి నుంచి నీళ్లు, వాటితో క్రిములు లోపలికి పీల్చుకుపోతాయి. నీడలో ఆరబెట్టి పొడిగుడ్డతో తుడవడం మేలు. దోస, వంకాయ, బెండ 10 డిగ్రీల కంటే చల్లటి చోట ఉంటే తొక్క మీద గుంటలు పడి నల్లబడతాయి, మంచు ముక్కల మీద పెట్టొద్దు. బంగాళాదుంపకు వెలుతురు తగలకూడదు. పచ్చబడితే చేదుతో పాటు విషపదార్థం చేరుతుంది. ముగ్గిన అరటి, ఆపిల్, టమాటాల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. వాటి పక్కన పెట్టిన ఆకుకూర పసుపెక్కుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. ఒకే బండిలో తెచ్చినా మధ్యలో ఎడం ఉండాలి.

బల్ల మీద తెచ్చిన సరుకులో మూడోవంతే పరచండి. మిగిలింది బల్ల కింద, నీడలో, తడిపట్ట కింద ఉంచి ఎప్పటికప్పుడు నింపుతుండాలి. అప్పుడు చివరి గంటలో వచ్చినవాడికీ తాజా కట్టే దొరుకుతుంది. ఆకుకూరలపై పావుగంటకోసారి సన్నటి తుంపర చాలు. టమాటాలు రెండు వరుసలకు మించి పేరిస్తే అడుగువి కమిలిపోతాయి. ప్రతి సరుకుకూ ధర రాసిన బోర్డు, నాలుగు అడుగుల దూరం నుంచి చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. ధర అడగడానికి సంకోచించి ముందుకు సాగిపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

కాటా గురించి రాజీ పడొద్దు. తూనికల అధికారుల ముద్ర ఉండాలి, అంకెలు కొనేవారికి కనబడాలి. ఖాళీ తట్ట పెట్టి సున్నా చేయకపోతే తట్ట బరువుకు కూడా కూర ధర పడుతుంది. తట్ట 150 గ్రాములుంటే అరకిలో కొన్నవాడికి అందేది 350 గ్రాములే. రైతుకు ఆ దురుద్దేశం లేకపోయినా చెడ్డపేరు మాత్రం సంత మొత్తానికీ వస్తుంది. బల్ల ఎగుడుదిగుడుగా ఉన్నా, గాలి తగిలినా, బ్యాటరీ తగ్గినా ఎలక్ట్రానిక్ కాటా అంకె నిలవదు. సంస్థ బల్ల దగ్గర 1 కిలో ప్రమాణ రాయి ఉంచి, సంత తెరవకముందే ప్రతి కాటా మీదా పెట్టి చూడండి. కొన్నవాళ్లు తిరిగి తూచుకోవడానికి మరో కాటా అక్కడే ఉండాలి.

కొట్టు రుసుము విషయంలో రెండు దారులున్నాయి. అందరికీ ఒకే మొత్తం పెడితే లెక్క తేలిక, కానీ పంట లేని నెలల్లో చిన్న రైతుకు భారం. అమ్మకంలో వాటా తీసుకుంటే న్యాయంగా ఉంటుంది, కానీ ప్రతి ఒక్కరూ నిజం చెప్పాలి. మొదటి ఏడాది తక్కువ మొత్తంతో ఒకే రుసుము పెట్టడమే నయం.

రుచి పాఠం

ఆహార విద్య అనగానే ఉపన్యాసం పెడితే ఎవరూ ఆగరు. ఒక బల్ల, ఒక పంట, పది నిమిషాలు, ఎనిమిది పది మంది. ఆ రోజు ఎంచుకున్న పంట కనీసం రెండు కొట్లలో దొరకాలి, లేకపోతే పాఠం విని ఇష్టపడినవాళ్లు ఎక్కడ కొంటారు?

క్యారెట్ అనుకుందాం. ఆకులతో సహా ఒకటి తీసుకొచ్చి, ఎవరు పండించారో, ఎప్పుడు తవ్వారో చెప్పండి. పచ్చి ముక్క, ఆవిరిపై ఉడికించిన ముక్క, కాస్త నూనెలో వేపిన ముక్క, మూడూ గోరంత సైజులో ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు, పిల్లలు లేదనేసి అక్కడితో ఆగిపోతారు. కొరికితే చప్పుడు దేనికి ఎక్కువ వచ్చింది, ఏది తియ్యగా ఉంది అని అడిగితే మళ్లీ నోట్లో వేసుకుని చూస్తారు. కొత్త కూరను పిల్లలు ఇష్టపడటానికి 8 నుంచి 10 సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా రుచి చూడాల్సి వస్తుంది. కాబట్టి అదే పంటను వరసగా మూడు నాలుగు వారాలు, ముక్క ఆకారం మార్చి పెట్టండి. బలవంతం వద్దు. నచ్చకపోతే ఉమ్మడానికి కాగితం చేతికిస్తే భయం పోయి ప్రయత్నిస్తారు.

నేల గురించి చెప్పడానికి మూతబిగిసే గాజుసీసా చాలు. మూడోవంతు పొలం మట్టి, పైన నీళ్లు పోసి, పిల్లలచేతే గట్టిగా గిలకొట్టించండి. నిమిషంలో ఇసుక దిగుతుంది, కొన్ని గంటల్లో ఒండ్రు, బంకమట్టి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పోయిన వారం గిలకొట్టి కదపకుండా ఉంచిన సీసా పక్కన పెడితే పొరలు చూసి, ఏ పొలంలో నీరు నిలుస్తుందో, ఏది జారవిడుస్తుందో వాళ్లే చెప్పేస్తారు.

వండిపెట్టే చోట శుభ్రత తప్పనిసరి. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాలి. వండినది 60 డిగ్రీల పైనైనా, 5 డిగ్రీల లోపైనా ఉండాలి. మధ్యస్థ వేడిలో రెండు గంటలు దాటిన వంటకాన్ని పారేయాలి. చాకు, కోసే పలక సబ్బుతో కడిగాక, లీటరు నీటికి 5 శాతం బ్లీచు ద్రావణం 2 మి.లీ. కలిపి తుడిచి ఆరనివ్వాలి. ఈ నీళ్లు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఇచ్చేముందు పల్లీలు, పాలు, గుడ్డు పడనివాళ్లున్నారా అని అడగడం మరవొద్దు. దగ్గు, విరేచనాలున్న కార్యకర్త ఆ రోజు బల్ల దగ్గరికి రాకూడదు.

మిగిలినదాన్ని ఏం చేయాలి

ముగింపుకు అరగంట ముందు ఒకరు కొట్లన్నీ తిరిగి మిగులు రాసుకోవాలి. ఆ వేళ ధర సగానికి కొట్టేయడం తేలికే, కానీ కొనేవాళ్లు ఆలస్యంగా రావడానికి అలవాటుపడి మొదటి రెండు గంటలూ ఖాళీ అవుతాయి. బాగున్న సరుకును అన్నదాన వంటశాలలకు పంపే ఏర్పాటు ముందే చేసుకుని, సంస్థ నిధి నుంచి రైతుకు ఎంతోకొంత చెల్లించండి. వాడినది పశువులకు, కుళ్లినది కంపోస్టుకు. కంపోస్టు కుప్ప కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే వేడెక్కుతుంది. పచ్చి చెత్త ఒక గంపకు ఎండాకు రెండు మూడు గంపలు కలపాలి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. కంపు కొడితే తడి ఎక్కువైందని, ఎండాకు కలిపి తిరగేయాలి. లోపలి వేడి 55 డిగ్రీలకు చేరి మూడు రోజులు నిలిస్తే రోగక్రిములు చాలావరకు చస్తాయి.

లెక్కలు

జనాన్ని రోజంతా లెక్కపెట్టనక్కర్లేదు. ప్రతి గంటలో 10 నిమిషాలు, అన్ని దారుల దగ్గరా, లోపలికొచ్చే పెద్దవాళ్లను మాత్రమే లెక్కించి ఆరుతో హెచ్చవేయండి. ఏ పది నిమిషాలన్నది ప్రతి వారం ఒకటే ఉండాలి. కొనేవాళ్ల అభిప్రాయానికి ప్రశ్నపత్రం వద్దు. పెద్ద కాగితాలపై నాలుగు ప్రశ్నలు రాసి, చేతికి రంగు చుక్కల స్టిక్కర్లిస్తే నిలబడే అంటించి వెళ్తారు. రైతు దగ్గర ఒక చిన్న చీటీ తీసుకోండి: తెచ్చింది, అమ్మింది, మిగిలింది.

జనం లెక్క, కొనేవాళ్ల అభిప్రాయం, రైతు చీటీ, ఈ మూడూ పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. జనం బాగా వచ్చి సరుకు మిగిలితే ధర బోర్డులు, రకాలు, తాజాదనం చూసుకోవాలి. జనమే తక్కువైతే వేళ, చోటు, ప్రచారం. ఒకే పంట అందరి దగ్గరా మిగిలితే మొదట గీసిన పంటల పట్టిక ముందేసుకుని, వచ్చే విత్తు వారానికి ముందే ఆ గడులు మళ్లీ రాయాలి.