రిటైర్మెంట్ తేదీ నుంచి వెనక్కి లెక్క వేయండి: యాభై దాటిన ప్రొఫెసర్లకు

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65 ఏళ్లకు పెంచింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అది ముందునుంచీ ఉన్నదే. నియామకాల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న పీహెచ్‌డీలు దీనిమీద మండిపడ్డారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఏదేమైనా ఐదేళ్లు చేతికొచ్చాయి కాబట్టి, వాటిని ఎలా వాడుకోవాలో చూద్దాం. నేను వృక్షశాస్త్రం బోధిస్తాను, అరవైకి దగ్గర్లో ఉన్నాను. అడిగినవారందరికీ మొదట చెప్పేది ఒకటే: క్యాలెండరును రిటైర్మెంట్ తేదీ దగ్గర తెరిచి, అక్కడినుంచి వెనక్కి రండి.

ముందు పరిశోధక విద్యార్థుల లెక్క. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లకన్నా తక్కువ మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. 65కి దిగిపోయేవారికి 62 గడువన్నమాట. గడువుంది కదా అని 61లో ఒకరిని చేర్చుకుంటే ఇరుక్కునేది ఆ పిల్లలే. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మన దగ్గర మూడేళ్లలో ముగించినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీరు వెళ్లాక కో-గైడుగా, అంటే సహ పర్యవేక్షకులుగా, 70 ఏళ్ల దాకా కొనసాగవచ్చు గానీ, సంతకానికీ ల్యాబు తాళానికీ వాళ్లు ఇంకొకరి గది చుట్టూ తిరగాలి. అందుకని ఆఖరి కొత్త స్కాలరును 59 లోపే తీసుకోండి. తర్వాత వచ్చేవారిని వయసులో చిన్నవారైన సహోద్యోగి దగ్గర చేర్పించి, మొదటి రోజు నుంచే మీరు కో-గైడుగా ఉండండి. ప్రొఫెసరుకు ఎనిమిది మంది దాకా అనుమతి ఉందని ఎనిమిది సీట్లూ నింపుకోవడం నలభైల్లోనే మంచిది కాదు, అరవైల్లో అసలు వద్దు.

శరీరం సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. ముందుగా అలిసేది గొంతు. మైకు అడగడానికి మొహమాటపడే ప్రొఫెసర్లను చాలామందిని చూశాను. కాలరు మైకు ధర ఒక సెమినారులో టీ ఖర్చు కూడా కాదు. టైంటేబులు వేసేటప్పుడే రెండు క్లాసుల మధ్య గంట విరామం అడగండి. మైక్రోస్కోపుతో పనిచేసేవారికి చత్వారం తెచ్చే చిక్కు వేరు. లోపలికి చూసేందుకు చాలామందికి అద్దాలు అక్కర్లేదు, పక్కనే నోట్సు రాయాలంటే కావాలి. పుప్పొడి రేణువులు లెక్కపెడుతూ అద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసేసరికి లెక్క తప్పుతుంది. పైగా వయసుతో కంట్లో తేలే మచ్చలు అక్కడే బాగా కనిపించి విసిగిస్తాయి. మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి మానిటరు మీద చూడండి. విద్యార్థులూ మీతోపాటు చూస్తారు, రేణువు మీద ఏది రంధ్రమో ఏది గాడో వేలుపెట్టి చూపించి వాదిస్తారు. నల్లమల ఫీల్డు ట్రిప్పులు మాత్రం మానకండి. కొండెక్కే పని స్కాలర్లది, వాగు ఒడ్డున కూర్చుని వాళ్లు తెచ్చిన కొమ్మను గుర్తుపట్టే పని మీది.

యాభై ఐదు దాటాక కుర్చీలు వాటంతటవే వస్తాయి: శాఖ హెడ్, సిలబస్ నిర్ణయించే బీఓఎస్ ఛైర్మన్, డీన్, విశ్వవిద్యాలయానికి గ్రేడు తెచ్చే న్యాక్ కమిటీ. సీనియర్లు తగ్గిపోయిన శాఖల్లో ఇవన్నీ ఒక్కరి నెత్తినే పడతాయి. చాలామంది ఇక్కడే పరిశోధన వదిలేసి కుర్చీలు పట్టుకుంటారు. మీరు ఒక్క పదవి, అదీ ఒక్క పదవీకాలానికే ఒప్పుకుని మిగతావి చిన్నవాళ్లకు ఇవ్వండి. ఈ వయసులో కొత్తగా ఏం చేస్తాంలే అనుకునేవారికి నేను గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి పేరు చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది పాతికేళ్ల వయసులో, 1945లో అచ్చయిన వ్యాసానికే. నిజమే. కానీ దాదాపు అరవై దాకా భారత గణాంక సంస్థలో పనిచేసి, తర్వాత అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో మరో రెండు దశాబ్దాలకు పైగా పని సాగించారు. అందరం రావుగారం కాలేం. అయినా ఒక జిల్లా వృక్షజాలం మొత్తాన్ని గ్రంథస్థం చేయడం లాంటి పని ముప్పై ఏళ్లు తిరిగి చూసినవారికే చేతనవుతుంది.

ఆ తిరుగుడంతా మీ గదిలో అల్మారా పైనే ఉంటుంది: పాత పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, నాఫ్తలీను ఉండలు వేసి కట్టిన మొక్కల కట్టలు. సగానికి చీటీ ఉండదు, ఎక్కడ దొరికిందో మీకు గుర్తే కాబట్టి. మీ తర్వాత అది ఎండుగడ్డి. చోటు, తేదీ, సేకరించినవారి పేరు, సేకరణ సంఖ్య రాయండి. పూల రంగు కూడా, ఎండితే అది ఆనవాలు లేకుండా పోతుంది. వారానికి ఒక పూట ఎమ్మెస్సీ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి రాయించండి. చరిత్రవారికి శాసనాల ఫొటోలు, భాషాశాస్త్రంవారికి పాత క్యాసెట్లు, అంతే తేడా.

స్టాకు రిజిస్టరులో మీ పేరు మీద ఏమేమి ఉన్నాయో రెండేళ్ల ముందే చూడండి. ఎప్పుడో ప్రాజెక్టులో కొన్న, కంప్రెసరు కాలిపోయి వరండాలో పడి ఉన్న ఫ్రిజ్ కూడా రికార్డుల్లో మీ దగ్గరే ఉంటుంది. దాన్ని కొట్టివేయించాలంటే కమిటీ కావాలి, కమిటీకి తేదీ కావాలి, ఆ తేదీకి అందరూ రావాలి. అది తేలేదాకా నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న పత్రం) ఇవ్వరు, నో డ్యూస్ లేనిదే పెన్షను కాగితాలు కదలవు. లైబ్రరీ పుస్తకం పోయి ఉంటే ఇప్పుడే డబ్బు కట్టి రసీదు దాచుకోండి. జర్నళ్లలో మీ ఖాతాలన్నీ విశ్వవిద్యాలయ ఈమెయిలు మీద ఉంటే, అది పనిచేస్తుండగానే సొంత ఈమెయిలుకు మార్చుకోండి.