కొన్న ఆడియోబుక్ చేజారిపోకుండా ఎలా చూసుకోవాలి?

డబ్బు కట్టి ‘బై’ బటన్ నొక్కగానే పుస్తకం మనదైపోయిందనుకుంటాం. చాలా స్టోర్లలో మనకు దక్కేది వినే అనుమతి, అంటే లైసెన్సు మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు డబ్బు తిరిగిచ్చింది గానీ, పాఠకులు కొనుక్కున్న పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. ఆడియోబుక్‌లకూ ఆ గతి పట్టదన్న హామీ ఏమీ లేదు.

1. కొనేముందే డీఆర్‌ఎం ఉందేమో చూడండి. అది ఫైలుకు వేసిన డిజిటల్ తాళం. అమెజాన్ వాళ్ల ఆడియోబుక్ స్టోర్ ఆడిబుల్‌లోని పుస్తకాలకు ఈ తాళం ఉంటుంది కాబట్టి వాటిని వాళ్ల యాప్‌లో, లేదా వాళ్లు అనుమతించిన పరికరాల్లోనే వినాలి. లిబ్రో.ఎఫ్‌ఎం అనే ఇంకో స్టోర్ తాళం లేని ఎంపీ3 ఫైళ్లు ఇస్తుంది. ఒకే పుస్తకం రెండు రకాలుగానూ దొరికితే, ధర కాస్త ఎక్కువైనా తాళం లేనిదే తీసుకోమంటాను.

2. అది మీరు కొన్నదా, చందాతో వచ్చిందా తేల్చుకోండి. ఆడిబుల్‌లో క్రెడిట్ (చందాతో వచ్చే, పుస్తకం తీసుకోవడానికి వాడే టోకెన్ లాంటిది) పెట్టి తీసుకున్నవి చందా ఆపేసినా లైబ్రరీలో ఉంటాయి. చందాతో ఉచితంగా వినే పుస్తకాలు చందాతోపాటే పోతాయి. వాడని క్రెడిట్లు కూడా పోతాయి, అందుకే ఆపేముందు వాటిని వాడేసుకోండి.

3. తాళం లేని ఫైలును కొన్న రోజే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌లో ఒక కాపీ, బయటి హార్డ్‌డిస్క్‌లో ఇంకొకటి ఉంటే టెన్షన్ ఉండదు. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్ల) నాణ్యత ఉన్న ఎంపీ3 గంటకు దాదాపు 29 ఎంబీ, అంటే పది గంటల పుస్తకం 300 ఎంబీ లోపే. తర్వాత నెట్ ఆపేసి మొదటి అధ్యాయం, మధ్యలో ఒకటి, చివరిది ప్లే చేసి చూడండి. డౌన్‌లోడ్ సగంలో ఆగిపోతే తెలిసేది అక్కడే. రసీదు మెయిల్ కూడా దాచుకోండి.

4. ఇంట్లోవాళ్లతో పంచుకోవాలంటే స్టోర్ ఇచ్చిన దారిలోనే వెళ్లండి. యాపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లో మీతో కలిపి ఆరుగురికి చోటుంటుంది. ఫైలును గ్రూపుల్లో పెట్టడం మాత్రం కాపీరైట్ ఉల్లంఘనే. గంటల తరబడి గొంతు పెట్టి చదివినవాళ్ల కష్టం, రాసినవాళ్ల కష్టం అందులో ఉన్నాయి.

5. తాళం తీసే సాఫ్ట్‌వేర్ వాడాలనిపిస్తే ముందు మీ దేశ చట్టం చూడండి. సొంతానికైనా సరే తాళం తీయడం చాలా దేశాల్లో నేరమో, ఉల్లంఘనో అవుతుంది. చట్టాలు నిలకడగా కూడా ఉండవు. కొన్నవాటికి సొంత కాపీ తీసుకోవచ్చని బ్రిటన్ 2014లో అనుమతిస్తే, మరుసటి ఏడాదే కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది.