రాజీవ్ గాంధీ గురించి రాసేటప్పుడు వాస్తవాలు ఎలా సరిచూసుకోవాలి?

మా అన్నయ్య కూతురు స్కూల్ ప్రాజెక్టు కోసం రాజీవ్ గాంధీ మీద నాలుగు పేజీలు రాసి నా చేతికిచ్చింది. మొదటి వాక్యం ఇది: "1991 మే 21న భారత ప్రధాని రాజీవ్ గాంధీ చెన్నైలో హత్యకు గురయ్యారు." ఒక్క వాక్యంలో మూడు తప్పులు. అప్పటికి ఆయన ప్రధాని కాదు, మాజీ ప్రధాని. హత్య జరిగింది చెన్నైలో కాదు, మేముండే ఈ చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీపెరుంబుదూరులో. ఈ నగరం పేరు అధికారికంగా చెన్నైగా మారింది 1996లో, అప్పటిదాకా మద్రాసే. పాపను తప్పుపట్టలేను. ఇంట్లో మేం మాట్లాడుకునే మాటలే అది రాసింది. ఇద్దరం కూర్చుని ఆ నాలుగు పేజీలూ సరిచేశాం. మీ పిల్లలకో, మీ సంఘం పత్రికకో రాయాల్సి వస్తే పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక కాగితం మీద ఆ రోజుకు ఎవరు ఏ పదవిలో ఉన్నారో రాసుకోండి. రాజీవ్ 1984 అక్టోబర్ 31 నుంచి 1989 డిసెంబర్ 2 వరకు ప్రధాని. 1991 మేలో కాంగ్రెస్ అధ్యక్షుడు. అప్పటి ప్రధాని చంద్రశేఖర్. మరి తమిళనాడు ముఖ్యమంత్రి? పెరంబూరులో ఉండే మా మావయ్యను అడిగాను. "కరుణానిధి గారే కదరా, ఇందులో డౌటేముంది?" అన్నాడు. నిజానికి ఆ ప్రభుత్వాన్ని జనవరిలోనే రద్దు చేశారు, ఆ రోజు రాష్ట్రంలో ఉన్నది రాష్ట్రపతి పాలన. అలాగని పెద్దవాళ్లను అడగడం మానొద్దు. మర్నాడు షాపులన్నీ మూసేశారని, చిన్నపిల్లలకు పాల కోసం వీధులన్నీ తిరిగానని మావయ్య చెబుతుంటే పాప నోట్సు రాసుకోవడం ఆపి వింటూ ఉండిపోయింది. ఇంటి సంగతికి మావయ్య మాటే సాక్ష్యం. పదవులకు, తేదీలకు మాత్రం రికార్డే చూడాలి.

తర్వాత ఆయన జీవితం. హత్య గురించి రాసే తొందరలో చాలామంది దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. 1944 ఆగస్టు 20న బొంబాయిలో పుట్టారు, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా పనిచేశారు, తమ్ముడు సంజయ్ 1980లో చనిపోయాక రాజకీయాల్లోకి వచ్చారు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది ఆయన హయాంలోనే. 1984 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు వచ్చిన సీట్లు కొన్నిచోట్ల 404 అని, కొన్నిచోట్ల 414 అని కనిపిస్తాయి. రెండూ సరైనవే. అస్సాం, పంజాబ్‌లలో ఎన్నికలు 1985లో జరిగాయి, అక్కడ గెలిచిన 10 కలిపితే 414. అంకెలు రెండు రకాలుగా కనిపిస్తే వెంటనే ఒకటి కొట్టేయకండి, దేన్ని లెక్కపెట్టారో చూడండి. మెచ్చుకోలుతో పాటు విమర్శ కూడా రాయాలి. బోఫోర్స్ ఆరోపణ (స్వీడన్ కంపెనీ నుంచి ఫిరంగులు కొనడంలో లంచాలు ముట్టాయన్నది) గురించి రాస్తే, ఆయన మీది లంచం అభియోగాన్ని 2004లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసిందన్న సంగతి కూడా పక్కనే ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టేది, పట్టాల్సింది మృతుల సంఖ్య. ఒకచోట 14, ఇంకోచోట 16, మరోచోట 18 అని చూసి పాప విసిగిపోయింది. సుప్రీంకోర్టు 1999 తీర్పు తీసి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాం. రాజీవ్ గాంధీ ఒకరు. ఆయనతో పాటు చనిపోయినవారు 15 మంది, వాళ్లలో 9 మంది పోలీసులు. బాంబు కట్టుకొచ్చిన ధను, ఫొటోలు తీయడానికి కుట్రదారులు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్, ఇద్దరూ అక్కడే పోయారు. అందరినీ కలిపితే 18. హంతకురాలిని, బాధితులను ఒకే అంకెలో కలిపేస్తే చదివేవాళ్లకు తేడా తెలియదు. అందుకే విడదీసి రాయండి. డ్యూటీకని వచ్చి ఇంటికి తిరిగి వెళ్లని ఆ తొమ్మిది మంది గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి.

ఇక కేసు. ఇక్కడ ఒక్క మాట మారితే అర్థమే మారిపోతుంది. 1998 జనవరిలో పూందమల్లి టాడా కోర్టు (ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసులు విచారించే కోర్టు) నిందితులు 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికి దాన్ని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. మిగతా 19 మందిని హత్య కుట్ర నేరం నుంచి తప్పించింది. ఆ నలుగురి మరణశిక్షలు కూడా తర్వాత యావజ్జీవంగా మారాయి. శిక్ష పడిన ఆ ఏడుగురిలో పేరరివాళన్ 2022 మేలో, మిగతా ఆరుగురు నవంబర్‌లో విడుదలయ్యారు. వీళ్ల గురించి "నిర్దోషులుగా తేలారు" అని రాయకండి. శిక్ష నుంచి విడుదల కావడం వేరు, నేరం చేయలేదని తేలడం వేరు.

కమిషన్లను, కోర్టును కూడా కలపకూడదు. ఈ హత్య మీద ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్లు రెండు: వర్మ కమిషన్ చూసింది భద్రతా లోపాలు, జైన్ కమిషన్ చూసింది కుట్ర వెనుక సంగతులు. కమిషన్ అనుమానించింది అంటే కోర్టులో రుజువైంది అని కాదు. వాట్సాప్‌లో తిరిగే "అసలు సూత్రధారి ఫలానా" కథలు కమిషన్ నివేదికల్లోనూ, కోర్టు తీర్పుల్లోనూ కనిపించకపోతే రాయకండి.

ఫొటోలు, వీడియోలు వాడేటప్పుడు తేదీ చూడండి. శ్రీలంక నావికుడు తుపాకి మడమతో ఆయన్ని కొట్టిన దృశ్యం 1987 జులై 30న కొలంబోలోది. దాన్ని హత్య కథనంలో తేదీ లేకుండా పెడితే పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. పాత పేపర్ల కోసం మేం ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి వెళ్లాం. పేలుడు రాత్రి 10 దాటాక జరిగింది కాబట్టి మే 22 పేపర్ ఒక్కటే చూసి ఆగకూడదు. తర్వాతి వారం పేపర్లు కూడా తిరగేయాలి, మొదట వచ్చిన పొరపాట్లు వాటిలోనే సరవుతాయి.

వీలుంటే శ్రీపెరుంబుదూరు కూడా వెళ్లి రండి, బెంగళూరు హైవే మీదే ఉంది. ఆ రోజు రాజీవ్ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు చేరి, మీనంబాక్కం విమానాశ్రయం నుంచి కారులో వెళ్లిన దారి కళ్లకు కడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇప్పుడక్కడ కనిపించే ఏడు స్తంభాల స్మారకం 2003లో ప్రారంభమైంది. 1991 నాటి సభ గురించి రాసేటప్పుడు ఆ స్తంభాల మధ్య జనాన్ని ఊహించుకుని వర్ణించకండి. అప్పుడది ఖాళీ మైదానం.