మెంటర్ బాధ్యత: ఇంటికి ఫోన్ చేయడానికి ముందు చేయవలసిన పనులు

మహిళా కళాశాలలో కొత్తగా చేరిన అధ్యాపకురాలికి మొదటి నెలలోనే, మెంటర్‌గా బాగోగులు చూసుకోవలసిన ఇరవై, పాతిక మంది విద్యార్థినుల పేర్లున్న జాబితా, దానితోపాటు మెంటరింగ్ రిజిస్టరు చేతికి వస్తాయి. మార్కులు, హాజరు శాతం, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాసి, సంతకాలు చేయించి, కళాశాలల ప్రమాణాలను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చిన రోజున చూపిస్తే పని పూర్తయినట్టేనని అనుకునేవారు ఉన్నారు. గుంటూరులో ఎన్నో ఏళ్లుగా ఈ బాధ్యత మోస్తున్న నేను కొత్తవారికి ముందుగా చెప్పే మాట వేరు. హాజరు తగ్గిందనో, మార్కులు రాలేదనో వెంటనే ఇంటికి ఫోన్ చేయకండి. ముందు అమ్మాయితో మాట్లాడండి.

ఈ మాట నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, రెండు సబ్జెక్టులు తప్పి తరగతులకు సరిగా రాని ఒక విద్యార్థిని తండ్రికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా విని, “సరేనండి మేడం, నేను చూసుకుంటాను” అన్నారు. ఆ తర్వాతి సోమవారం నుంచి ఆ అమ్మాయి కళాశాలకు రాలేదు. చదువు ఎటూ సాగడం లేదని ఇంట్లో పెళ్లి మాటలు ముందుకు జరిపారని, అసలు ఆ నెలంతా ఆమె ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన కూర్చుందని స్నేహితురాలి ద్వారా తర్వాత తెలిసింది. నేను ఆమెనే అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసే విషయం అది.

కాబట్టి జాబితా అందిన రెండు వారాల్లో ప్రతి విద్యార్థినితోనూ కనీసం పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. స్టాఫ్ రూములో నలుగురూ వింటుండగా ఏ అమ్మాయీ నోరు విప్పదు. ఖాళీగా ఉన్న ల్యాబ్ గానీ, వరండా చివర గానీ మేలు. మార్కుల గురించి అడగకుండా, ఏ ఊరి నుంచి వస్తున్నదీ, ఎన్నింటికి బస్సు ఎక్కుతున్నదీ, బయలుదేరే ముందు ఇంట్లో ఏయే పనులు చేయాలో అడగండి. ఫోన్ తనదేనా, ఇంట్లో అందరిదీనా అన్న ప్రశ్న మరచిపోవద్దు. మీరు రాత్రి పంపిన వాట్సాప్ సందేశాన్ని ముందుగా అన్నయ్య చదివే ఇళ్లు చాలా ఉన్నాయి.

చదువు విషయానికి వస్తే, పాఠం అర్థం కాలేదా, అర్థమైనది రాయలేకపోతున్నదా అన్నది మొదట తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి కనుక, ఇంటర్ వరకు తెలుగులో చదివిన పిల్లల్లో ఈ రెండో ఇబ్బందే ఎక్కువగా కనిపిస్తుంది. అర్థశాస్త్రంలో సప్లై గురించిన ప్రశ్నకు ఖాళీ కాగితం ఇచ్చిన ఒక అమ్మాయిని పిలిచి తెలుగులో చెప్పమంటే, “యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కువ వచ్చిన రోజు మిర్చి రేటు పడిపోతుంది కదా మేడం, సరుకు తక్కువైతే మళ్లీ లేస్తుంది” అని తడుముకోకుండా చెప్పింది. ఆ మాటలనే నాలుగు చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా ఆమె చేతనే రాయించాను. రోజుకు ఒక ప్రశ్న చొప్పున, ముందు నోటితో తెలుగులో, తర్వాత కాగితంపై ఇంగ్లిష్‌లో, నెల రోజులు చేయించగలిగితే ఇలాంటి పిల్లలకు విడిగా ట్యూషన్ అవసరం రాదు.

హాజరును శాతాల్లో కాక రోజుల్లో చెప్పండి. 90 పనిదినాల సెమిస్టర్‌లో 75 శాతం అంటే 68 రోజులు. మానడానికి వీలున్నవి 22 రోజులే. నలభై రోజులు గడిచేసరికి పన్నెండు రోజులు రాని అమ్మాయి మిగిలిన యాభైలో నలభై రోజులు తప్పక రావాలి. ఈ లెక్క ఆమె చేతనే వేయించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఈ హాజరుతోనే ముడిపడి ఉందని ఆమెకు గుర్తుచేయాలి. మన ప్రాంతంలో జనవరి దాటితే మిర్చి కోతలు మొదలవుతాయి, కూలీలు దొరకరు; అమ్మాయి కోతకైనా వెళుతుంది, లేదంటే తమ్ముళ్లను, ఇంటిని చూసుకుంటూ ఉండిపోతుంది. దీన్ని బద్ధకంగా లెక్కగట్టడం అన్యాయం. డిసెంబరులోనే అడిగి, ఇంటర్నల్ పరీక్షల తేదీలు ముందుగా చెప్పి, తప్పనిసరిగా మానవలసిన రోజులు ఏవో కలిసి నిర్ణయించుకుంటే ఇంట్లో ఒప్పించడం ఆమెకూ తేలికవుతుంది.

ఇంటికి ఫోన్ చేయక తప్పనప్పుడు, ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పి, ఎవరితో మాట్లాడితే మంచిదో ఆమెనే అడగండి. అమ్మతో అంటే అమ్మతోనే మాట్లాడండి. మంచి మాటతో మొదలుపెట్టి, ఒకే ఒక్క కోరిక కోరండి: “మీ అమ్మాయికి లెక్కలు బాగా వస్తున్నాయమ్మా, ఈ పది రోజులు మాత్రం తప్పకుండా పంపించండి” అంటే ఏ తల్లికైనా చేయగలిగిన పని కనిపిస్తుంది. ఫిర్యాదుల చిట్టా విప్పితే చదువు మానిపించడమే సులువైన దారిగా తోస్తుంది.

కొన్ని విషయాలు మెంటర్ ఒక్కరే మోయగలిగినవి కావు. అందుకే “ఎవరికీ చెప్పను” అని ముందే మాట ఇవ్వకండి. “నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను” అనండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి సాగుతుంటే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు మీ ఎదుటే ఫోన్ చేయించండి; అక్కడ ఏ వేళనైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఆమెను ఒంటరిగా వదలకుండా ప్రిన్సిపల్‌కూ, ఆమె నమ్మే పెద్దవారికీ వెంటనే తెలియజేయాలి. లైంగిక వేధింపుల విషయమైతే 2013 చట్టం ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోపు కళాశాలలోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రాయడంలో తోడుండండి, ఏం రాయాలో మీరు నిర్ణయించకండి. మొదటి సంవత్సరం పిల్లల్లో పద్దెనిమిదేళ్లు నిండనివారు ఉంటారు. వారికి పెళ్లి నిశ్చయమైందని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి.

ఇలాంటి సంగతులేవీ రిజిస్టరులో రాయవద్దు. అది ఎన్నో చేతులు మారే పుస్తకం. “వ్యక్తిగతంగా మాట్లాడాను” అన్న మాట, తేదీ ఉంటే చాలు.

సెమిస్టర్ మధ్యలో ఒకసారి జాబితా ముందు పెట్టుకొని, ఎవరెవరు తమంతట తాము మీ దగ్గరికి వచ్చారో ఆ పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి. గుర్తు పడని పేర్లలో హాజరు బాగున్నవారు, మార్కులు బాగున్నవారు కూడా ఉంటారు. ఆ వారంలో ముందుగా వారినే పిలిచి, ఏ బస్సుకు వస్తున్నారన్న దగ్గర నుంచి మళ్లీ అడగండి.